పౌరుషము ఎవరి కొరకు? – పల్నాటి నేల నేర్పు దేశభక్తి

కార్తిక అమావాస్య వచ్చినదనగా కారంపూడిలో నాగులేటి ఒడ్డు జనసంద్రమగును. ఆచారవంతులు తమ ఇండ్లలో తరతరములుగా పూజించుకొనుచున్న వీరుల ఆయుధములను భక్తితో తెచ్చి, ఏటి నీట శుద్ధి చేసి, వీరుల గుడికి చేర్చుదురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు దినముల ఉత్సవమునకు ఐదు పేర్లు. ఎనిమిది శతాబ్దములకు పూర్వము జరిగిన యుద్ధమును ఒక ప్రాంతము ఏటేట మరల స్మరించుకొనుట, నేలకొరిగినవారిని దేవతలుగా ఆరాధించుట తెలుగునాట అరుదైన సంప్రదాయము.

ఆ జనములో నిలిచిన ప్రతి యువకుని గుండెలోను ఒక మాట మ్రోగును: పల్నాటి పౌరుషము. ఆ మాట వినిన ఛాతీ ఉప్పొంగును. అది సహజము, గౌరవింపదగినది కూడ. అయితే ధర్మజిజ్ఞాసువు అక్కడ ఒక్క క్షణము ఆగి ఒక ప్రశ్న వేసికొనవలెను. ఈ పౌరుషము ఎవరి కొరకు? దేశభక్తి యొక్క స్వరూపమంతయు ఈ ప్రశ్నకు ఇచ్చు సమాధానముపై ఆధారపడియున్నది.

ధైర్యము కొరవడని యుద్ధము

పల్నాటి యుద్ధము పన్నెండవ శతాబ్దము నాటిది. గురజాల నేలిన నలగామరాజు, మాచర్ల నేలిన మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు. ఒకరి పక్షమున నాయకురాలు నాగమ్మ, మరొకరి పక్షమున బ్రహ్మనాయుడు మంత్రాంగము నడిపిరి. కోడిపందెములో ఓడిన మలిదేవుని పక్షము రాజ్యమును విడిచి ఏడేండ్లు వలస పోయినదని వీరగాథ చెప్పును. గడువు తీరిన పిదప రాజ్యభాగమును అడుగుటకు రాయబారిగా వెళ్ళిన అలరాజు తిరిగి రాలేదు. తుదకు కారంపూడి రణభూమి అయినది. పదునైదవ శతాబ్దమున శ్రీనాథుడు ఈ కథను ద్విపదగా రచించెను. అంతకు ముందును, ఆ తరువాతను వీరవిద్యావంతులు దానిని ఊరూర పాడుచునేయున్నారు.

ఈ గాథలో ఆలోచింపవలసినది ఒకటి కలదు. ఆ యుద్ధమున ధైర్యమునకు కొరత లేదు. ఇరుపక్షములవారును వీరులే. ఇరుపక్షములవారును తమ ప్రభువుల యెడ విశ్వాసము గలవారే. బాలచంద్రుని వంటి యువకుడు ప్రాణమును తృణముగా నెంచెను. అయినను ఫలమేమి? పల్నాడు తన బిడ్డలను తానే పోగొట్టుకొన్నది. యుద్ధానంతరము బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలములో ప్రవేశించెనని జనశ్రుతి. గెలిచినవాడని చెప్పదగినవాడు సింహాసనము వైపు గాక గుహ వైపు నడచెనని ప్రజలు చెప్పుకొనుటలోనే ఆ విజయమెట్టిదో తెలియుచున్నది.

కనుక ధైర్యము, విశ్వాసము, త్యాగము అను మూడు గుణములున్నంత మాత్రమున దేశభక్తి కాజాలదు. అవి పక్షము కొరకు వినియోగింపబడినచో నేలను రక్తసిక్తము చేయును, నేల కొరకు వినియోగింపబడినచో దేశభక్తి యగును. గుణములు అవియే, గమ్యము వేరు.

చాపపై కూర్చున్న ధర్మము

అదే వీరగాథలో రెండవ ముఖము కూడ కలదు. బ్రహ్మనాయుడు మాచర్లలో సకల కులములవారిని ఒకే వరుసలో కూర్చుండబెట్టి భోజనము పెట్టెను. దానికే చాపకూడు అని పేరు. మాల కులమున జన్మించిన కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనాధిపతిని చేసెను. ఇది సభలో చెప్పిన సిద్ధాంతము కాదు. చాప పరచి, అన్నము వడ్డించి, ప్రక్కన కూర్చుండి చూపిన ఆచరణము. నేటికిని కారంపూడి ఉత్సవములలో మందపోరు నాడు చాపకూడు జరుగుచున్నది.

వైష్ణవ భక్తుడైన బ్రహ్మనాయునికి చెన్నకేశవుడు ఇలవేల్పు. స్వామి అందరిలో నున్నాడని నమ్మినవాడు పంక్తిని విడదీయుట ఎట్లు? భక్తి నుండి సమత్వము, సమత్వము నుండి సంఘము పుట్టుట ఇక్కడ ప్రత్యక్షముగా కనబడును. దేశము అనగా పటములోని రేఖలు గాక ఒకే చాపపై కూర్చుండగలిగిన జనులు అని అంగీకరించినచో, చాపకూడు దేశభక్తికి తొలి పాఠము.

ఆ పాఠము ఈ నేలపై పూర్తిగా ఒంటబట్టినదా? వినుకొండలో 1895లో జన్మించిన గుర్రము జాషువ, దేవాలయ ద్వారము దాటలేని నిరుపేద తన గోడును కాశీ విశ్వనాథునికి గబ్బిలముచేత విన్నవించుకొనినట్లు కావ్యము వ్రాయవలసి వచ్చినది. చాప పరచిన గడ్డపైననే ఏడు శతాబ్దముల పిదప కవికి ఆ వేదన కలిగినది. దేశమాతకు హారతి ఇచ్చుచు, ఆ తల్లి బిడ్డనే గుమ్మము వెలుపల నిలిపిన హారతి ఎవరికి చెందును? భక్తులు ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు.

పుల్లరి కట్టని పల్లెలు

పల్నాటి పౌరుషము పక్షము కొరకు గాక ప్రజల కొరకు నిలిచిన ఘట్టము 1921, 22 సంవత్సరములలో వచ్చినది. అడవిలో పశువులను మేపుకొనుటకు ప్రభుత్వము వసూలు చేయు పన్నుకు పుల్లరి అని పేరు. వర్షములు చాలని మెట్ట సీమలో పశువే రైతునకు సంపద, అడవియే పశువునకు మేత. తాతల నాటినుండి తోలుకొనిపోవు అడవికి రుసుము కట్టవలెననుట, కట్టనిచో పశువులను బందెలదొడ్డికి తోలుట అక్కడి పేదలకు దుర్భరమయ్యెను.

సహాయ నిరాకరణోద్యమము దేశమంతట వ్యాపించిన కాలమది. పల్నాటి పల్లెలు పుల్లరి కట్టుటకు నిరాకరించినవి. అడవి అధికారులకు గ్రామములలో సేవలు నిలిచిపోయినవి. ప్రజల కడగండ్లను విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు నిర్బంధింపబడిరి. ఉన్నవవారు రాయవేలూరు చెరసాలలో నుండి వ్రాసినదే మాలపల్లి నవల. పుల్లరి కొరకు చెరకేగినవాడు చెరలో కూర్చుండి మాలపల్లిని గూర్చి వ్రాసెను. స్వాతంత్ర్యము, సమత్వము ఆయనకు రెండు వేర్వేరు కార్యములు కావు.

దుర్గి ప్రాంతపు మించాలపాడు గ్రామమున కన్నెగంటి హనుమంతు ఆ ఉద్యమమునకు నిలువెత్తు రూపమైనాడు. ఆయన ఒక రైతు. పెద్ద పదవి లేదు, రాజవంశము కాదు. 1922 ఫిబ్రవరిలో పోలీసు బలగములు ఆ గ్రామముపైకి వచ్చినప్పుడు జరిగిన కాల్పులలో ఆయన ప్రాణములు విడిచెను. తుపాకి దెబ్బలు తిని పడియుండి దాహమని అడిగినను నీరందించుటకు ఎవరిని రానీయలేదని పల్నాటి పెద్దలు నేటికిని కన్నీటితో చెప్పుకొందురు.

చౌరీచౌరా సంఘటనానంతరము గాంధీమహాత్ముడు శాసనోల్లంఘనమును నిలిపివేయుటకు నిర్ణయించినదియు ఆ నెలలోనే. దేశపు పెద్ద ఉద్యమము ఆగినను, ఒక మారుమూల పల్లె మూల్యము చెల్లించినది. దానికి ప్రతిఫలముగా ఆ రైతునకు లభించిన దేమియు లేదు. ఆయన నిలిచినది తన పశువుల కొరకు మాత్రమే యైనచో రుసుము కట్టి బయటపడుట ఎంతో సులభము. కట్టలేనివారి పక్షమున నిలిచినందువలననే ఆయన దేశభక్తుడయ్యెను.

కారంపూడి వీరులకును, మించాలపాటి రైతునకును నడుమ గల భేదము పౌరుషములో లేదు. "మనవారు" అను మాటకు వారిచ్చిన అర్థములో నున్నది.

ఋణము, యజ్ఞము, లోకసంగ్రహము

మన శాస్త్రములు దేశభక్తి అను పేరుతో వేరుగా ఒక ధర్మమును విధింపలేదు. అంతకంటె లోతైన దానిని విధించినవి. మనుష్యుడు పుట్టుకతోనే ఋణగ్రస్తుడు. దేవతలకు, ఋషులకు, పితరులకు, తోడి మనుష్యులకు, సమస్త భూతములకు అతడు ఋణపడియున్నాడు. ఆ ఋణమును తీర్చుకొనుటకే గృహస్థునకు పంచ మహాయజ్ఞములు చెప్పబడినవి. గీత మూడవ అధ్యాయమున భగవానుడు యజ్ఞచక్రమును వివరించుచు, తీసికొనుటయే గాని తిరిగి ఇచ్చుట ఎరుగనివానిని చోరునిగా పరిగణించెను. అదే అధ్యాయమున జనకాదులు కర్మచేతనే సిద్ధి పొందిరని, లోకసంగ్రహమును దృష్టియందుంచుకొనియైనను కర్మ చేయవలెనని ఉపదేశించెను.

సామాన్య పౌరుడు నడచు రహదారి, త్రాగు నీరు, చదివిన బడి, నిశ్చింతగా నిద్రించు రాత్రి ఇవన్నియు ఎవరో చేసిన యజ్ఞము యొక్క ప్రసాదములు. వాటిని అనుభవించి తన వంతును ఎగవేయుట శాస్త్రదృష్టిలో చౌర్యమే. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగమున చేర్చబడిన ప్రాథమిక విధులను చదివిన సాధకునకు ఆశ్చర్యము కలుగును. అడవులను, నదులను కాపాడుట, జీవులయెడ దయ, ప్రజల ఆస్తిని రక్షించుట, హింసను విడనాడుట, భేదములకు అతీతముగా సోదరభావమును పెంపొందించుట అక్కడ కలవు. భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము నేటి భాషలో వ్రాసినట్లే యుండును.

తూము దగ్గర పరీక్ష

ఇంతవరకు చెప్పినది వినుటకు ఇంపుగనే యుండును. పరీక్ష మాత్రము సభలో జరుగదు, పొలములో జరుగును.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు విడువబడినది. కుడి కాలువ పల్నాటి బీళ్ళను తడుపుచు రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రవహించి ప్రకాశము జిల్లా వరకు సాగును. కాలువ మొదట నున్నవానికి నీరు కంటి ఎదుట. చివరి ఆయకట్టు రైతునకు అది ఎదురుచూపు.

ఒక రాత్రిని ఊహించుకొనవచ్చును. కాలువ ఎగువన ఒక రైతు పొలము. మిరప తోట తడిసినది, అతని వంతు ముగిసినది. కొడుకు అనును: "నాయనా, తూము ఇప్పుడే మూయొద్దు. తెల్లారేదాకా పారనీ. ఎవరు చూడొచ్చారు?" తండ్రి పలుగు చేతబట్టి గట్టుపై నిలుచుండును. ఆరుతడి పంటకు అంత నీరు అవసరము లేదని అతనికి తెలియును. క్రిందివాని పైరు వాడుచున్నదని తెలియును. క్రిందివాడు వేరు కులమువాడు, గత ఎన్నికలలో వేరు జెండా పట్టినవాడు అనియు తెలియును. ఇక్కడ జాతీయగీతము వినిపించదు, కెమెరా లేదు. అతడు తూము మూసినచో మరునాడు పొగడువారు లేరు. మూయనిచో అడుగువారును లేరు.

ఆ చీకటిలో అతడు తూము మూసి, "వాడి పైరూ మనదేరా" అని ఇంటికి నడచినచో, దేశభక్తి ఆ రాత్రి పల్నాటిలో సజీవముగా నున్నట్లు. ఎవరు చూచుచున్నారు అను కొడుకు ప్రశ్నకు వేదాంతము ఏనాడో సమాధానము చెప్పినది. సాక్షి చూచుచున్నాడు. అన్ని చేష్టలను నిర్లిప్తుడై చూచు ఆ అంతర్యామిని నమ్మినవానికి చూపరులు లేని చోటు లేదు. కనుకనే ఆస్తికుని దేశభక్తి అందరికంటె దృఢముగా నుండవలెను. అట్లు లేనిచో అతని ఆస్తిక్యమునే శంకింపవలసియుండును.

ఓటు అను రహస్య వ్రతము

సాక్షి తప్ప ఎవరును చూడని మరొక చోటు పోలింగు కేంద్రము. అక్కడ అట్టపలక మాటున పౌరుడు ఒంటరిగా నిలుచును. తన వారని, డబ్బిచ్చిరని, భయపెట్టిరని, పాతకక్ష యని ఎన్నో స్వరములు లోపల పలుకును. ఆ క్షణమున ఆత్మసాక్షికి లోబడి మీట నొక్కుట ఒక వ్రతము.

2024 మే 13న పోలింగు నాడును, ఆ తరువాతను పల్నాటి జిల్లాలో చెలరేగిన హింస దేశమంతటికి వార్త అయినది. 144వ సెక్షను విధింపవలసి వచ్చినది. పార్టీల తప్పొప్పులను నిర్ణయించుటకు న్యాయస్థానములు కలవు. సామాన్యుడు వేసికొనవలసిన ప్రశ్న వేరు. ఆ రాళ్ళు విసిరిన చేతులు ఎవరివి? దెబ్బలు తిన్న తలలు ఎవరివి? ఇరువైపుల పల్లెటూరి బిడ్డలే. నలగాముడు, మలిదేవుడు పోయి ఎనిమిది శతాబ్దములైనను, ఎవరి కొరకో సోదరుడు సోదరుని కొట్టు అలవాటు మాత్రము పోలేదు. పౌరుషమను పవిత్ర పదమును ఆ రాళ్ళకు తగిలించుట వీరుల గుడికే అపచారము.

ఊరిలో రెండు పార్టీలవారు ఓట్ల మరునాడు ఒకే అరుగుపై కూర్చుండి మాటలాడుకొనగలిగినచో, అదియే నేటి చాపకూడు. అది చిన్న విషయముగా తోచవచ్చును. కక్షలెరిగిన పల్లెలో దానికెంత ధైర్యము కావలెనో అక్కడివారికి తెలియును. తనవారే "వాడితో మాటలేంది?" అని నిలదీసినప్పుడు తలవంచక నిలుచుట యుద్ధభూమిలో నిలుచుటకంటె సులభము కాదు.

తల్లి మర్మము

అథర్వవేదమందలి భూమిసూక్తమున ఋషి భూమిని తల్లిగా కీర్తించును. వేర్వేరు భాషలు, వేర్వేరు ఆచారములు గల జనులను ఆమె ఒకే ఇంటివారివలె మోయుచున్నదని చెప్పును. అంతతో విడువడు. తాను త్రవ్విన చోటు త్వరగా పూడవలెనని, తన త్రవ్వకము ఆమె మర్మస్థానమునకు గాయము కలిగింపరాదని వేడుకొనును.

పల్నాటివారికి ఈ ప్రార్థన కేవలము కవిత్వము కాదు. ఇక్కడి నేల క్రింద సున్నపురాయి కలదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారములు ఆ తల్లి ఎముకలనుండియే వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. త్రవ్వరాదని ఋషియు అనలేదు. త్రవ్వునప్పుడు వేడుకొమ్మనెను, గాయము మాన్పుమనెను. అనుమతి మేరకే త్రవ్వుట, గోతులను అట్లే వదలకుండుట, కూలివాని ఊపిరితిత్తులను ధూళినుండి కాపాడుట, ప్రభుత్వమునకు చెందవలసిన రుసుమును ఎగవేయకుండుట ఇవి భూమిసూక్త పారాయణమునకు ఆచరణ రూపములు. తల్లి పేరు జపించుచు తల్లి మర్మమును పొడుచువాని జపము ఎచ్చటికి చేరును?

మహాశివరాత్రికి నరసరావుపేట సమీపమున కోటప్పకొండకు ఊరూర ప్రభలు తరలివచ్చును. ఆకాశమునంటు ఆ ప్రభను ఏ ఒక్కడును నిలుపలేడు. చందా వేయువారు, కఱ్ఱలు కట్టువారు, త్రాళ్ళు పట్టువారు కలిసిననే అది నిలుచును. త్రికోటేశ్వరుని కొరకు ఇంత ఐకమత్యము చూపగల పల్లెకు తన బడి మరుగుదొడ్డిని, తన చెరువు కట్టను బాగుచేసికొను శక్తి లేదనుట నమ్మదగినది కాదు. ఆ శక్తి కలదు. దానిని ఆ వైపునకు మరల్చవలెను. ప్రభ మోసిన భుజమే చెరువు మన్ను మోసినచో శివుడు చిన్నబుచ్చుకొనడు.

ఒక సాధకుని సందేహము

ఇచ్చట వేదాంత విద్యార్థికి ఒక సందేహము కలుగవచ్చును. దేశము కూడ ఒక ఉపాధియే గదా? ఆత్మకు సరిహద్దులు లేవు గదా? దేశాభిమానము మమకారమునకు పెద్ద రూపము కాదా?

సందేహము సరియైనదే. నా దేశము గొప్పదని ఇతరులను ద్వేషించు అభిమానము నిశ్చయముగా బంధమే. అది నలగామ మలిదేవుల కలహమును పెద్ద పటముపై వ్రాయుట మాత్రమే. కాని మమకారమును ఒక్కసారిగా విడువగలవారు కోటికొకరు. మిగిలినవారికి దానిని విస్తరించుటయే మార్గము. దేహమునుండి కుటుంబమునకు, కుటుంబమునుండి ఊరికి, ఊరినుండి దేశమునకు, దేశమునుండి విశ్వమునకు మమత వ్యాపించిన కొలది అందులోని స్వార్థము పలుచబడును. మెట్టును దాటవలెను గాని దాటవేయరాదు. కాలువ చివరి రైతులో ఆత్మను చూడలేనివాడు బ్రహ్మాండమున దానిని చూచితిననుట మాట మాత్రమే.

సరిహద్దున మంచులో నిలిచిన సైనికుని త్యాగమునకు నమస్కరించుట అందరి ధర్మము. కాని ఆ నమస్కారముతో తన వంతు తీరినదని పౌరుడు భావింపరాదు. ఎవరి కొరకు ఆ సైనికుడు కాపలా కాయుచున్నాడో, ఆ దేశమును లోపలినుండి దేశముగా నిలుపవలసినవాడు పౌరుడు. సైనికునకు శత్రువు ఎదుట నుండును. పౌరునకు శత్రువు లోపల నుండును. లోభము, భయము, కక్ష అను పేర్లతో అది తూము దగ్గర, మీట దగ్గర, గుమ్మము దగ్గర ఎదురగును.

మరల కార్తికము వచ్చును. నాగులేటి నీట ఆయుధములు శుద్ధియగును. మందపోరు నాడు కారంపూడిలో చాపలు పరచబడును. ఆ పంక్తిలో కూర్చుండునప్పుడు ప్రక్కన ఎవరున్నారో చూడవలసిన పనిలేదు. చూడకుండుటయే అక్కడి మంత్రము. భోజనము ముగించి లేచి ఇంటికి వెళ్ళునప్పుడు ఆ చాపను అక్కడ వదలక, మనస్సులో చుట్టుకొని తీసికొనిపోయినవాడు ధన్యుడు. అతడు దానిని కాలువ గట్టుపై పరచును, పోలింగు కేంద్రము ముంగిట పరచును, తన ఇంటి గుమ్మమున పరచును. అట్టివారి పౌరుషము ఎవరి కొరకు అని ఎవరును అడుగనక్కరలేదు.

స్వస్తి.